సంచిలో కట్టిన మందు ఎక్కడికి పోతోంది?

(మండల రైతు సంఘం ఏర్పాటు చేసిన చేపల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చేపలకు వాడే యాంటీబయోటిక్ మందుల గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాదు, సైంటిస్టునూ కాదు. హైస్కూలుతో చదువు ఆగిపోయింది. ముప్పై ఏళ్లుగా చెరువు చేస్తున్నాను, అందులో ఎక్కువ కాలం కౌలుకే. ఈ మందుల మీద నాకు పట్టుదల ఎందుకొచ్చిందో ముందు చెప్తాను. అది చెప్పకుండా మిగతాది చెప్తే, ఎవరినో తప్పు పట్టినట్టుంటుంది. మొదటి తప్పు నాదే.

కొన్నేళ్ల కిందటి డిసెంబరు. 8 ఎకరాల కౌలు చెరువు. శీలావతి కిలో దాటింది, బొచ్చె రెండు కిలోలకు దగ్గర పడింది. సంక్రాంతికి ముందు పట్టుబడి చేస్తే కౌలూ మేత బాకీ తీరి, ఏదో కాస్త మిగులుతుందని కాచుకుని ఉన్నాను. ఒకరోజు పొద్దున్నే మేత సంచులు కట్టడానికి పడవ మీద వెళ్లిన కుర్రాడు వచ్చి, ‘బాబాయ్, చేప కర్రలకేసి రుద్దుకుంటోంది, ఒంటి మీద ఎర్ర మచ్చలున్నాయి’ అన్నాడు. రెండో రోజు ఏడు చేపలు తేలాయి. మూడో రోజు ఇరవై దాటాయి. నాకు చెయ్యీ కాలూ ఆడలేదు. ఫోన్లో ఫొటో తీసి మందుల కొట్టుకు పంపాను. కొట్టాయన ఫొటో చూసి ‘బ్యాక్టీరియా అండీ’ అన్నాడు. ఆక్సీటెట్రాసైక్లిన్ డబ్బాలతో పాటు పేరూ ఊరూ లేని తెల్ల కవర్లో ఏదో పొడి ఇచ్చాడు. డబ్బులు అడగలేదు. పట్టుబడిలో చూసుకుందాం అన్నాడు. ఆ రోజు నుంచి మూడు రోజులు తవుడులో కలిపి సంచుల్లో కట్టాం. చావులు ఆగలేదు. తొమ్మిదో రోజు వ్యాపారి ఫోన్ చేసి ‘రేటు బాగుంది, రేపు పట్టేద్దామా’ అన్నాడు. పట్టేశాం. ఐసు కొట్టి, పెట్టెలు బిగించి, లారీ హౌరాకు బయల్దేరింది.

అలవాటు కొద్దీ రెండు బొచ్చెలు ఇంటికి తెచ్చాను. మా ఆవిడ చేపల బేసిను కేసి చూసి, ‘దీంట్లో మొన్న మందు వేశారు కదా, పిల్లలకు పెట్టొచ్చా?’ అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ పూట మా ఇంట్లో చేప వండలేదు. అప్పటికి లారీ రాజమండ్రి దాటి ఉంటుంది.

అదే సాయంత్రం చేపల జబ్బులు తెలిసిన చుట్టం ఒకాయన వచ్చాడు. బేసిన్లో ఉన్న బొచ్చె రెక్క ఎత్తి వేలితో చూపించాడు. పేను. కంటికి కనపడేంత పేను, పొలుసుకు అంటుకుని ఉంది. కుర్రాడు ‘రుద్దుకుంటోంది’ అన్నప్పుడే నాకు తట్టాల్సింది. పేనుకు నేను యాంటీబయోటిక్ వేశాను.

ఇక అసలు విషయం.

యాంటీబయోటిక్ బ్యాక్టీరియా మీద తప్ప ఇంకదేని మీదా పనిచెయ్యదు. పేను బ్యాక్టీరియా కాదు. రొయ్యకు వచ్చే తెల్లమచ్చ వైరస్. రొయ్య ఎదగకుండా చేసే ఈహెచ్‌పీ ఇంకో రకం జీవి. చేపకు పెద్ద పెద్ద పుండ్లు పడి, కండ ఊడిపోయే పుండ్ల జబ్బు మన దేశంలోకి 1988లో వచ్చింది. దానికి మూలం బూజు లాంటి జీవి. తెల్లవారుజామున చేప పైకొచ్చి నోరు తెరిచిందంటే ఆక్సిజన్ తగ్గింది. వీటిలో దేనికీ యాంటీబయోటిక్ పనికిరాదు. అసలు బ్యాక్టీరియా జబ్బులు లేవా అంటే ఉన్నాయి. తోక కుళ్లు, రెక్కల కుళ్లు, పొట్ట ఉబ్బి పొలుసులు లేచిపోవడం, ఫంగస్ చేపలో లోపలి అవయవాల మీద తెల్ల చుక్కలు, ఇలాంటి వాటి వెనక చాలాసార్లు బ్యాక్టీరియానే ఉంటుంది. పేను కొరికిన గాయంలోకి కూడా ఆ తర్వాత బ్యాక్టీరియా చేరుతుంది. కాకపోతే ఏది ఏదో ఫొటో చూసి తేల్చలేం. నన్ను అడిగితే, ఫొటో చూసి మందు ఇచ్చేవాడు మందు అమ్ముతున్నాడంతే, వైద్యం చెయ్యడం లేదు.

సరే, నిజంగా బ్యాక్టీరియా జబ్బే వచ్చిందనుకుందాం. ఆక్సీటెట్రాసైక్లిన్ తవుడులో కలిపి సంచిలో కట్టాం. ఆ మందు ఎక్కడికి పోతుంది?

మన సంచి సంగతి మనకు తెలుసు. చిల్లులు పొడిచి, కర్రకు కట్టి, నీళ్లలో వేలాడదీస్తాం. చేప వచ్చి చిల్లుల దగ్గర తవుడు పీక్కుని తింటుంది. మేతకు ఇది బాగానే పనిచేసింది, కొల్లేరు చుట్టుపక్కల చెరువులన్నీ దీని మీదే బతికాయి. మందుకు మాత్రం ఇంతకంటే చెడ్డ పద్ధతి దొరకదు. సంచి నీళ్లలో దిగిన దగ్గర్నుంచీ పొడి చిల్లుల్లోంచి కారిపోతూనే ఉంటుంది. గుళిక మేతకు మందు పట్టించి పైన నూనె పూత పూస్తే కారడం కొంత తగ్గుతుంది. తవుడు సంచిలో ఆ మాత్రం ఆధారం కూడా లేదు.

రెండోది, జబ్బు చేప మేత తినదు. సంచి దగ్గరకు వచ్చేది బాగున్న చేప. మందు దానికి పోతుంది. తలవాల్చి గట్టు పక్కన తిరిగే చేపకు అందదు. జబ్బు కనపడిన మొదటి రోజుల్లో, మంద ఇంకా మేతకు వస్తున్నప్పుడు ఇస్తేనే ఏమైనా ఉపయోగం. మేత సగానికి పడిపోయాక ఇవ్వడమంటే డబ్బులు నీళ్లలో కలపడమే.

మూడోది చాలామందికి తెలియదు. నాకూ తెలియదు, చదివాకే తెలిసింది. టెట్రాసైక్లిన్ జాతి మందులకు సున్నం అంటే పడదు. నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియంతో ఆ మందు ముడిపడిపోతుంది. ముడిపడిన మందు చేప పేగులోంచి రక్తంలోకి ఎక్కదు. మరి మనమేం చేస్తాం? జబ్బు వచ్చిందనగానే ఒక పక్క చెరువుకు సున్నం కొడతాం, ఇంకో పక్క సంచిలో టెట్రాసైక్లిన్ కడతాం. ఒకదాన్ని ఇంకొకటి కట్టేస్తుంది. రెండింటి బిల్లూ మనదే.

ఎంత ఎక్కుతుందో కొలిచినవాళ్లున్నారు. బంగారుతీగ, అదే కామన్ కార్పు, దాని మీద 1987లో అచ్చయిన ఒక డచ్చి పరిశోధన ఉంది. నోటి ద్వారా ఇచ్చిన ఆక్సీటెట్రాసైక్లిన్‌లో చేప రక్తంలోకి చేరింది ఒక శాతం కూడా లేదు. చలి దేశాల్లో పెంచే ట్రౌట్ చేపలో చూస్తే ఐదారు శాతం. మిగతాదంతా పెంటలో బయటకొచ్చి చెరువు అడుగు చేరుతుంది. అంటే మనం వంద రూపాయల మందు వేస్తే, తొంభై తొమ్మిది రూపాయల మందు బురదకు వేసినట్టు. వెలుతురు తగిలే నీళ్లలో ఆ మందు త్వరగా విరిగిపోతుంది కానీ, చీకటి బురదలో చేరితే నెలల తరబడి ఉంటుంది. అక్కడ ఉండే బ్యాక్టీరియా దానికి అలవాటు పడుతుంది. వచ్చే ఏడు అదే చెరువులో అదే జబ్బు వస్తే అదే మందు పనిచెయ్యదు. అప్పుడు కొట్టాయన ‘ఇంకో కొత్త మందు వచ్చిందండీ, కొంచెం ఘాటు’ అంటాడు. ఈ ‘కొంచెం ఘాటు’ అనే మాట నేను గత పదిహేనేళ్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

మోతాదు సంగతి కూడా చూడండి. అమెరికాలో ఆక్సీటెట్రాసైక్లిన్ మేత మందును కొన్ని చేపలకు అనుమతించారు. అక్కడి లేబుల్ ప్రకారం కిలో చేపకు రోజుకు 55 నుంచి 83 మిల్లీగ్రాములు, వరసగా 10 రోజులు. మన 8 ఎకరాల చెరువులో 24 టన్నుల చేప ఉందనుకుంటే, రోజుకు కిలోం పావు నుంచి రెండు కిలోల దాకా అసలు మందు కావాలి. డబ్బా బరువు కాదండి, డబ్బాలో ఉన్న అసలు మందు బరువు. పది రోజులకు 13 నుంచి 20 కిలోలు. నేను వేసింది మూడు రోజులూ కలిపి అసలు మందు కిలో కూడా ఉండదు. అంత వెయ్యలేదే అని నేను బాధపడటం లేదు. ఆ మోతాదు ఇక్కడ వెయ్యమని మీకు చెప్పడమూ లేదు. అది వేరే చేపకు, వేరే నీళ్లకు, డాక్టరు చూశాక వాడేది. నేను చెప్పేదేంటంటే, మనం వేసేది జబ్బు తగ్గడానికి చాలదు, బ్యాక్టీరియాకు అలవాటు చెయ్యడానికి మాత్రం సరిపోతుంది. అలాగని ఎడాపెడా పెంచితే చేపకు మంచిదా అంటే కాదు. టెట్రాసైక్లిన్ వల్ల చేప సొంత రోగనిరోధక శక్తి తగ్గుతుందని కార్పుల మీదే చూశారు.

ఫ్లోర్‌ఫెనికాల్ అని ఇంకో మందుంది. అది టెట్రాసైక్లిన్‌లా కాదు, చేప ఒంట్లోకి బాగా ఎక్కుతుంది. అందుకే బాగా పనిచేస్తుంది, అందుకే కండలోకి కూడా బాగా వెళ్తుంది. దానికీ అమెరికాలో పట్టుబడికి ముందు 15 రోజుల గడువుంది. మంచి మందు కదా అని గడువు తగ్గదు.

ఇక్కడ ఒకాయన పొద్దున నన్ను అడిగారు, ‘అన్నా, ఒక శాతమే ఎక్కుతుందంటున్నావు, మరి చేపలో మందు మిగలడం ఎక్కడిది?’ అని. మంచి ప్రశ్న. లెక్క చూద్దాం. కిలో చేపకు 70 మిల్లీగ్రాములు వేశాం. అందులో అర శాతమే లోపలికి వెళ్లిందనుకోండి. 0.35 మిల్లీగ్రాము. మన దేశపు ఆహార భద్రతా సంస్థ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, చేపలో ఆక్సీటెట్రాసైక్లిన్‌కు పెట్టిన హద్దు కిలోకు 0.1 మిల్లీగ్రాము. ఒక్కరోజు మేతతోనే హద్దుకు మూడున్నర రెట్లు. ఇది మోటు లెక్కే, కండలోకి అంతా ఒకేలా పోదు. విషయం అర్థం కావడానికి చాలు. జబ్బు తగ్గడానికి చాలనంత మందు, పరీక్షలో పట్టుబడటానికి చాలుతుంది. ఆ 0.1 మిల్లీగ్రాము ఎంతో తెలుసా? పది టన్నుల చేపలో అంతా కలిపి ఒక్క గ్రాము. ఒక లారీకి ఒక గ్రాము.

ఇంకో సంగతి, టెట్రాసైక్లిన్ ఎముకలో, పొలుసులో పట్టుకుని ఉండిపోతుంది. చేపల మీద పరిశోధన చేసేవాళ్లు చేపకు గుర్తు పెట్టడానికే ఈ మందు వాడతారు, ఎముకలో ఆ గీత ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి. మనమూ బెంగాలీలూ తలకాయ పారేసే జాతి కాదు కదా.

కండలోకి ఎక్కింది మళ్లీ దిగిపోతుంది. ఎన్ని రోజులకు? మనం అడగాల్సిన ప్రశ్న ఇదే, మందుల కొట్లో ఎవరూ చెప్పని జవాబూ ఇదే. చేప చల్లని ఒళ్లున్న జీవి. నీళ్లు వేడిగా ఉంటే దాని ఒంట్లో పని జోరుగా సాగి మందు త్వరగా బయటకు పోతుంది. నీళ్లు చల్లబడితే నెమ్మదిగా పోతుంది. అందుకని ఐరోపావాళ్లు రోజులు కాకుండా డిగ్రీ రోజులు అని లెక్క పెట్టుకున్నారు. నీటి వేడి ఎన్ని డిగ్రీలో, దాన్ని రోజులతో గుణించాలి. చేపకు ప్రత్యేకంగా గడువు తేల్చని మందు వాడాల్సి వస్తే, కనీసం 500 డిగ్రీ రోజులు దాటాకే పట్టాలని వాళ్లు చాలాకాలం పాటించారు. నీళ్లు 30 డిగ్రీలుంటే 17 రోజులు. మన డిసెంబరు, జనవరి నీళ్లు 22 డిగ్రీలుంటే 23 రోజులు.

నా పట్టుబడి మీకు గుర్తుందిగా. ఆఖరి సంచి కట్టాక ఐదో రోజున పట్టాను. ఐదు ఇరవై రెండ్లు 110. కావాల్సింది 500. మా ఆవిడ అడిగినప్పుడు నా దగ్గర లేని జవాబు ఇదన్నమాట.

గమనించండి, మనకు జబ్బులు ముదిరేదీ చలికాలంలోనే, మందు ఒంట్లో ఎక్కువ రోజులు ఉండేదీ చలికాలంలోనే, రేటు చూసుకుని తొందరపడి పట్టేదీ సంక్రాంతి ముందే. మూడూ ఒకే నెలలో పడుతున్నాయి.

‘పులుసు మరిగితే పోతుందిలే’ అనేవాళ్లున్నారు. టెట్రాసైక్లిన్ వేడికి కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇంకా చెడ్డవి ఉన్నాయి. నైట్రోఫ్యూరాన్ జాతి, అందులో ఫ్యూరజోలిడోన్ మన పాత రైతులకు తెలుసు. ఆ మందు చేప ఒంట్లో గంటల్లో మాయమైనట్టే కనిపిస్తుంది. కానీ దాని ముక్క ఒకటి కండకు అతుక్కుని వారాల తరబడి ఉంటుంది, ఉడికించినా పోదు. పరీక్షలో పట్టేది ఆ ముక్కనే. క్లోరాంఫెనికాల్ ఇంకో రకం. అది కొద్దిమంది మనుషుల్లో ఎముక మజ్జను దెబ్బతీసి రక్తం తయారవకుండా చేస్తుంది. ఎంత తింటే వస్తుంది అనే లెక్క దానికి లేదు. అందుకే దానికి ఇంత ఉంటే ఫర్వాలేదు అనే హద్దు ఎవరూ పెట్టలేదు. ఐరోపా 2022 నవంబరు నుంచి కిలోకు 0.15 మైక్రోగ్రాము కనపడినా సరుకు ఆపుతోంది. పది టన్నుల లారీలో ఒకటిన్నర మిల్లీగ్రాము. చిటికెలో నూరో వంతు కూడా కాదు. మన దగ్గర ఆక్వాలో ఇవి ఎప్పటినుంచో నిషేధం. 2025 మార్చిలో కేంద్రం, ఆహారం కోసం పెంచే జంతువులన్నింటికీ వర్తించేలా క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందుల తయారీ, అమ్మకమే నిషేధించింది. అంతకుముందు 2019లో కోలిస్టిన్‌ను ఆపారు.

మరి నాకిచ్చిన తెల్ల కవర్లో ఏముంది? ఇప్పటికీ నాకు తెలియదు. ఆ కవరు మీద ఒక్క అక్షరం లేదు. ఆ పొడి చేతులతో కలిపింది నేనూ, ఆ కుర్రాడూ. చేతికి తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ లేదు. వాడు ఆ రోజు ‘చేతులు మండుతున్నాయి బాబాయ్’ అంటే కడుక్కోరా అన్నాను. అవశేషాలు అనగానే తినేవాళ్ల గురించే మాట్లాడతాం. మందు ముందుగా ఎక్కేది కలిపేవాడికి.

ఇప్పుడు రొయ్యల రైతులు ఒకసారి వినాలి. మీకు ఇదంతా కొత్త కాదు. 2016 నుంచి ఐరోపా మన రొయ్య కంటైనర్లలో సగానికి సగం ఆపి పరీక్ష చేస్తోంది, అంతకు ముందు పదింటిలో ఒకటి. ఐరోపా వెళ్లే రొయ్యకు పట్టుబడికి ముందే పరీక్ష చేయించి కాగితం తెచ్చుకోవాలి, దానికి ఎంపెడా ప్రయోగశాలలున్నాయి. చేప రైతుకు ఏముంది? మన శీలావతి, బొచ్చె బెంగాల్, అస్సాం, బీహార్ వెళ్తాయి. హద్దు వాళ్లకూ అదే, తినే మనిషీ మనిషే. కానీ గట్టు మీద ఆపి అడిగేవాడు లేడు. లేడు కదా అని సంతోషపడకండి. 2018 జులైలో ఏమైందో గుర్తు తెచ్చుకోండి. ఫార్మాలిన్ కనపడిందని అస్సాం ప్రభుత్వం మన చేపను ఆపేసింది. 2019 జనవరిలో పాట్నాలో ఆపారు. అప్పుడు కలిపినవాడెవడు, కలపనివాడెవడు అని ఎవరైనా విడదీసి చూశారా? ఆంధ్రా చేప అన్నారు, అంతే. ఆ ఫార్మాలిన్ చేప పాడవకుండా దారిలో ఎవరో కలిపే రసాయనం. దెబ్బ మాత్రం గట్టు మీద ఉన్నవాడికి తగిలింది. రేపు యాంటీబయోటిక్ పేరుతో అదే జరిగితే, దారిలో ఎవరో కలిపారని చెప్పుకునే వీలు కూడా మనకుండదు.

అయితే రైతును బెదిరించి ఊరుకుంటే ఇది తేలదు. 23 రోజులు ఆగు అని చెప్పడం తేలిక. ఆగితే ఏమవుతుంది? 24 టన్నుల చేపకు రెండు శాతం మేత అంటే రోజుకు 480 కిలోల తవుడు. 23 రోజులకు 11 టన్నులు. ఈలోగా చేప పెరుగుతుందిగా అంటారు ఆఫీసర్లు. చలికాలంలో జబ్బుపడ్డ చేప ఎంత పెరుగుతుందో వాళ్లనే వచ్చి తూచమనండి. పైగా రోజూ నాలుగైదు తేలుతుంటే కౌలు రైతుకు నిద్ర పడుతుందా? చేప చచ్చేలోపు అమ్మెయ్యాలి అనిపిస్తుంది. నాకూ అదే అనిపించింది. మందుల కొట్టు అప్పు, మేత అప్పు, కమీషన్ వ్యాపారి దగ్గర తెచ్చిన అడ్వాన్సు, వీళ్లలో ఏ ఒక్కరికీ నేను ఆగడం ఇష్టం లేదు. మందు అప్పు ఇచ్చేవాడే జబ్బు ఏమిటో చెప్పేవాడు కూడా అయినప్పుడు, ‘దీనికి మందు అక్కర్లేదు, నీళ్లు మార్చు’ అని అతను ఎందుకు చెప్తాడు? ఆయన్ని తిట్టి లాభం లేదు, ఆయనకూ కంపెనీ టార్గెట్ ఉంటుంది. మనకు జబ్బు చెప్పే మనిషి వేరేగా ఉండాలి.

వేరే దేశంలో ఇది ఎలా జరిగిందో ఒక్క మాట. నార్వేలో సాల్మన్ చేపలు పెంచుతారు. 1987లో వాళ్లు ఏడాదికి 50 టన్నులకు దగ్గరగా యాంటీబయోటిక్ వాడారు. ఇప్పుడు వాళ్ల చేప అప్పటికంటే ఎన్నో రెట్లు పెరిగింది, మందు టన్ను లోపుకు పడిపోయింది. రైతులు ఒక్కసారిగా మంచివాళ్లైపోలేదు. టీకా వచ్చింది, చేప చేపకూ వేశారు. డాక్టరు చీటీ లేనిదే మందు ఇవ్వరు, ఎంత ఇచ్చారో లెక్క ప్రభుత్వం దగ్గర ఉంటుంది. మన శీలావతికి అలాంటి టీకా మన ఊరి కొట్లో నేనింతవరకు చూడలేదు. నార్వేలో కంపెనీలది పెంపకం, ఇక్కడ నాలాంటి కౌలుదారులది, అదీ తేడా ఉంది. అయినా ప్రభుత్వం తలచుకుంటే జరుగుతుందనడానికి చెప్తున్నాను.

అందుకని సంఘం తరఫున మనం అడగాల్సినవి ఇవి. మండలానికి ఒక చేపల పరీక్షా కేంద్రం, అందులో మైక్రోస్కోపు, దాన్ని వాడటం వచ్చిన మనిషి. మా ఊరి సచివాలయంలో మత్స్య సహాయకుడున్నాడు, మంచి కుర్రాడు, చదువుకున్నాడు, కానీ చేతిలో ఏమీ లేదు. పొలుసు గీకి చూస్తే పేనో, కాదో ఐదు నిమిషాల్లో తేలేది. బ్యాక్టీరియా అని తేలితే ఏ మందుకు లొంగుతుందో పరీక్ష చేసి చెప్పాలి. రెండోది, డబ్బా మీద మందు పేరు, అసలు మందు ఎంత, ఆఖరి మోతాదు తర్వాత ఎన్ని రోజులకు పట్టాలి, ఈ మూడూ తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగేంత అక్షరాల్లో ఉండాలి. బిల్లు ఇవ్వని కొట్టు లైసెన్సు తియ్యాలి. తెల్ల కవరు అమ్మినవాడి మీద కేసు పెట్టాలి, వాడిన రైతు మీద కాదు. 2020లో మన రాష్ట్రం చేపల మేత నాణ్యతకు ఒక చట్టం తెచ్చింది. మేతకు తెచ్చినట్టే మందుకూ గట్టి తనిఖీ కావాలి. మూడోది, చేపకు కూడా పట్టుబడికి ముందు పరీక్ష, చిన్న రైతుకు, కౌలు రైతుకు ఉచితంగా. పట్టా ఉంటేనే చేస్తాం అంటే కుదరదు, చెరువులో ఉన్నది కౌలుదారు చేప. నాలుగోది, పరీక్షలో మందు ఉందని తేలి ఆగాల్సి వచ్చిన రైతుకు ఆ రోజుల మేతకు బ్యాంకు అప్పు. ఇది లేకపోతే మొదటి మూడూ కాగితం మీదే ఉంటాయి.

ప్రభుత్వం చేసేలోపు మనం చేసుకోగలిగింది కొంత ఉంది. నేను ఆ ఏడు నుంచి ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. ఏ చెరువు, ఏ తారీఖు, ఏ మందు, డబ్బా మీది బ్యాచ్ నంబరు, ఆ రోజు నీటి వేడి. ధర్మామీటరు ఏమంత ఖరీదు కాదు. పొద్దున, మధ్యాహ్నం చూసి సగటు తీసుకుంటాను. ఆఖరి మోతాదు నుంచి రోజూ ఆ డిగ్రీలు కూడుకుంటూ పోతాను. 500 దాటిందాకా వ్యాపారి ఫోన్ చేస్తే చెరువు ఖాళీ లేదు అంటాను. రెండుసార్లు రేటు పోగొట్టుకున్నాను, ఒకసారి అనుకోకుండా రేటు పెరిగింది కూడా. ఇంకొకటి, నోటుపుస్తకం పెట్టాక మందు వాడకమే తగ్గింది. రాసేముందు చేపను పట్టి, రెక్క ఎత్తి, మొప్ప తెరిచి చూడటం అలవాటైంది. నాలుగుసార్లలో మూడుసార్లు మందుతో పనిలేదని తేలింది. నీళ్లు మార్చడమో, మేత తగ్గించడమో, ఏరేటరు తిప్పడమో సరిపోయింది.

చివరగా ఎవరో చీటీ పంపారు. ‘పక్క చెరువువాళ్లు మందు వేసి నీళ్లు డ్రెయిన్లోకి వదులుతున్నారు, అవే నీళ్లు మేం తోడుకుంటున్నాం. మేం వెయ్యకపోయినా మా చేపలో వస్తుందా?’ అని. నీళ్లలో కలిసి పలచబడిన మందు చేపలో హద్దు దాటడం కష్టమే అనుకుంటున్నాను, కానీ ఆ నీళ్లతో పాటు మందుకు లొంగని బ్యాక్టీరియా మాత్రం మీ చెరువులోకి వస్తుంది. దానికి ఒక్కో రైతు ఒక్కడే ఏమీ చెయ్యలేడు. ఒకే డ్రెయిన్ మీద ఉన్న చెరువుల వాళ్లంతా కూర్చుని, మందు వేసిన చెరువు ఎన్ని రోజులు తూము తియ్యకూడదో మాట్లాడుకోవాలి. మా డ్రెయిన్ మీద పదకొండు చెరువులున్నాయి. ఏడుగురు ఒప్పుకున్నారు. మిగతా నలుగురితో మాట్లాడటానికి వచ్చే ఆదివారం పొద్దున గట్టు మీదకే వెళ్తున్నాం. రాగలిగినవాళ్లు రండి. నోటుపుస్తకాలు కొన్ని తెచ్చాను, బయట టీ బల్ల దగ్గర ఉన్నాయి, ఇంటికొకటి తీసుకెళ్లండి.